దారికి పనికొచ్చే మాటలు

జూన్ 2

వదినా,

ఈ కవరు నీ చేతిసంచిలో స్వెట్టరు కింద దాచాను. ముందే చేతికిస్తే "ఇప్పుడిదంతా నాకెక్కడ తలకెక్కుతుందే" అని గూట్లో పడేసి వెళ్ళిపోతావని తెలుసు. విమానం ఎక్కాక ఎలాగూ తోచదు కదా, అప్పుడు చదువు.

నిజానికి వెళ్ళాల్సింది నేను. స్పానిష్ వచ్చింది నాకు, వెళ్తున్నది నువ్వు. ఓడ కంపెనీవాళ్ళు ఒక్క టిక్కెట్టే ఇచ్చారు, అదీ భార్యకే ఇస్తామన్నారు. ఒకవేళ నాకే ఇచ్చినా, తుంటి విరిగి మంచాన పడ్డ అమ్మని వదిలి ఎలా వస్తాను? అన్నయ్యని తలుచుకుంటే మాత్రం ఒళ్ళు మండిపోతోంది. ఇంజను గదిలో మసి మింగుతూ ఇన్నేళ్ళు ఊడిగం చేసిన మనిషిని, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని ముక్కూ మొహం తెలియని రేవులో దింపేసి ఓడ తన దారిన తాను పోయిందట. లగేజీని కూడా అలా దింపరు.

సరే. మా ట్రావెల్ ఆఫీసులో స్పానిష్ మాట్లాడే ఊళ్ళు చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పే పాఠమే నీకూ రాస్తున్నాను. తెలుగక్షరాల్లో రాశాను, ఎలా ఉంటే అలా చదివెయ్.

"దోందె ఎస్తా" అంటే ఎక్కడుంది, ఎక్కడున్నాడు. ఎస్తా అంటే ఉంది, ఉన్నాడు. దాని వెనకాల ఏది కావాలంటే అది తగిలించుకో. దోందె ఎస్తా ఎల్ ఒస్పితాల్ అంటే పసిపిల్లాడైనా ఆస్పత్రి చూపిస్తాడు. "మి ఎస్పోసో" అంటే మా ఆయన. ఇక్కడిలా తల వంచుకుని గొణక్కు, గట్టిగా అను. "తెంగో ఆంబ్రె", ఆకలేస్తోంది. "గ్రాసియాస్", చాలా సంతోషం. "లో సియెంతో" అంటే ఏమీ అనుకోకండి. బస్సులో ఎవరి కాలైనా తొక్కితే అనాలి. "మన్యానా" అంటే రేపు. అక్కడ ఏ ఆఫీసుకెళ్ళినా ఈ మాటే వినపడుతుందని వెళ్ళొచ్చినవాళ్ళు నవ్వుతూ చెబుతారు. నీకూ అంటారు. కంగారుపడకుండా మర్నాడు వెళ్ళు. వచ్చేసేటప్పుడు "అస్తా మన్యానా" అను, రేపు కలుద్దాం అని. మర్యాదగా ఉంటుంది.

అన్నయ్య కనపడగానే నా పేరు చెప్పి ఒక మొట్టికాయ వెయ్యి.

నీ ఆడపడుచు పెత్తనంతో,
బుల్లి


జూన్ 7

అత్తయ్యకి నమస్కారాలు. బుల్లికి ఆశీస్సులు.

చేరాను. ఆస్పత్రి వెనక వీధిలో మూడో అంతస్తులో గది దొరికింది. ఇంటావిడ తాళంచెవి ఇచ్చేముందు నన్ను ఎగాదిగా చూసి, నా సంచిలోంచి తొంగిచూస్తున్న కత్తెర చూసి, తన గౌను అంచు ఊడిన చోట చూపించింది. అద్దెకు దిగానో, దర్జీ కొట్టు తెరిచానో తెలియదు. కూర్చుని కుట్టిపెట్టాను. అప్పట్నుంచీ మాటలు లేకుండానే స్నేహంగా ఉన్నాం.

బుల్లీ, నీ చదువు నా కొంప ముంచిందే. మొదటిరోజు రొట్టెల కొట్టుకి వెళ్ళి "తెంగో ఓంబ్రె" అన్నాను. కొట్టతను నా భుజం మీదుగా గుమ్మంలోకి చూసి, "దోందె ఎస్తా?" అని పకపకా నవ్వాడు. ఎక్కడున్నాడు అన్నది నాకు అర్థమైంది. ఎవరు ఎక్కడున్నాడన్నది అర్థం కాలేదు. ఇంటావిడ సైగలు చేసి చెప్పాక తెలిసింది, ఆంబ్రె అంటే ఆకలట, ఓంబ్రె అంటే మగాడట. నాకో మగాడున్నాడని కొట్టెక్కి చాటాను! అప్పుడు మాత్రం ఎక్కడున్నాడంటే మా ఆయన్నే అడుగుతున్నాడేమోననుకుని, కిటికీలోంచి కనపడే ఆస్పత్రి వైపు వేలు చూపించాను. అతని నవ్వు ఆగిపోయింది. కాగితంలో ఇంకో రొట్టె పెట్టి చుట్టాడు.

ఆయన బాగున్నారు అత్తయ్యా. పొడుగాటి హాల్లో కిటికీ పక్క మంచం. మధ్యాహ్నం మాత్రమే లోపలికి రానిస్తారు. నన్ను చూడగానే "ఇంత దూరం వచ్చావా? పొయ్యి మీద పాలు పెట్టి రాలేదు కదా!" అన్నారు. తింటున్నారు, నవ్వుతున్నారు. కొంచెం చిక్కారు, అంతే. ఆయన తిరుగు ప్రయాణానికని కుట్టి తెచ్చిన నీలం చొక్కా మంచం తలవైపు తగిలించాను.

మీరు మందులు మానకండి. బుల్లి మాట వినండి.

మీ కోడలు


జూన్ 15

వదినా,

నీ ఉత్తరంతో అమ్మ సగం కోలుకుంది. ఇప్పటికి ఎన్నిసార్లు చదివించుకుందో! పాల మాట వచ్చినప్పుడల్లా "వాడంతే, వాడంతే" అని నవ్వుతోంది. పక్కింటావిడకి ఓంబ్రె కథ కూడా చెప్పింది. ఆవిడ వీధంతా చెప్పింది. ఇక నువ్వు తిరిగొచ్చాక తలెత్తుకు తిరగలేవు.

ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకు. జ్వరం ఎంత ఉంది, డాక్టరు ఏమన్నాడు, ఎప్పుడు పంపిస్తారు, ఒక్క ముక్కా రాయలేదేం? రొట్టెల కొట్టు గురించి రాయడానికి తీరింది గాని! అన్నయ్య నవ్వుతున్నాడంటే ప్రమాదం లేదనే అనుకుంటున్నాను. పోన్లే, ఎలాగూ అంత దూరం వెళ్ళావు. అన్నయ్య లేవగానే ఇద్దరూ నాలుగు రోజులు ఊరు చూసి రండి. పెళ్ళయ్యాక మీరిద్దరూ కలిసి ఎక్కడికి వెళ్ళారు గనక?

అందుకే రెండో పాఠం పంపుతున్నాను. "ఊనా మేసా పారా దోస్", ఇద్దరికి ఒక బల్ల కావాలి. "హుంతో ఆ లా వెంతానా", కిటికీ పక్కన. "సోపా" అంటే సూపు. "కె బోనీతో", ఎంత బాగుందో. సముద్రం ముందు నిలబడి అనాల్సిన మాట అది.

నాకు కోటుకి పెద్ద బొత్తాలు తీసుకురా, గోధుమరంగువి. ఇక్కడ నా నడుము విరుగుతోంది వదినా. అమ్మని తిప్పి పడుకోబెట్టడం, పక్కబట్టలు, మళ్ళీ ఆఫీసు. నిజం చెప్పొద్దూ, నీ మీద కాస్త కుళ్ళుగానే ఉంది.

బుల్లి


జూన్ 24

బుల్లీ,

ఈ కాగితం అత్తయ్యకి చదివి వినిపించకు. ఆవిడ ముందు చదువుతావనే కిందటిసారి అలా రాశాను. ఆ మాత్రం నీకు తట్టదా?

నీ బొత్తాల ఉత్తరం ఇవాళ వచ్చింది. చదివి నాలుగు ముక్కలు చేద్దామనుకున్నాను. కుళ్ళుకోవడానికి ఇక్కడేముందో విను. మీ అన్నయ్య ముక్కుకి గొట్టం పెట్టారు. తినడం లేదు. ఆ పాల మాట నిజంగానే అన్నారు గాని, ఆ మాట చివరిదాకా అనడానికి మధ్యలో ఎన్నిసార్లు ఆగారో నేను రాయలేదు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, కూర్చోబెడితే మెడ నిలబడదు. మంచానికి తగిలించిన చొక్కా చూసి, "అది నాకు కాదు, ఇంకెవరికో కుట్టినట్టున్నావు" అన్నారు. నిజమే, ఆ చొక్కాలో ఇప్పుడు ఇద్దరు పడతారు. గదికి తెచ్చేసుకున్నాను, కుదించాలని.

నువ్వు పంపిన మాటల్లో సూపుకి మాట ఉంది. కిటికీ పక్క బల్లకి మాట ఉంది. ఆయనకి ఊపిరాడటం లేదు, ఎవరైనా రండి అనడానికి మాట లేదు. నిన్న ఆయన ఎగపోస్తుంటే హాలు మధ్యలో నిలబడి "మి ఎస్పోసో, మి ఎస్పోసో" అని నా గుండె మీద నేనే బాదుకున్నాను. పక్క మంచం మీద కాలు విరిగిన ముసలి వడ్రంగి ఉన్నాడు, అతను ఇనపగ్లాసు మంచానికేసి కొట్టి నర్సుని పిలిచాడు. డాక్టరు వచ్చి నాతో చాలాసేపు మాట్లాడాడు. మెల్లగా, మర్యాదగా మాట్లాడాడు. తల ఊపాను. దేనికి తల ఊపానే నేను?

నాకు ఈ మాటలు కావాలి. నొప్పిగా ఉందా ఆయనకి? ఆయన్ని చూసి మీరెందుకలా మొహం తిప్పుకుంటున్నారు? రాత్రిళ్ళు కూడా నన్ను పక్కన కూర్చోనివ్వండి. వెంటనే రాసి పంపు.

25, సాయంత్రం

నిన్నటి ఉత్తరం ఇంకా పోస్టు చెయ్యలేదు, మంచిదే అయింది. నిన్న కోపంలో ఏదేదో రాశాను, మనసులో పెట్టుకోకు.

ఇవాళ వెళ్ళేసరికి ఆయన మంచం మీద లేరు. కొత్త దుప్పటి పరిచి ఉంది. గొట్టం, దానికి తగిలించిన ఇనప సిలిండరు కూడా తీసేశారు. బల్ల దగ్గరున్న నర్సు లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని చెప్పింది. రెండుసార్లు చెప్పింది, అందుకే నీకు ఉన్నదున్నట్టు రాయగలుగుతున్నాను: "సు ఎస్పోసో ఫాయెసియో ఎస్తా మన్యానా. లో సియెంతో ముచో."

నీ పాఠం ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది బుల్లీ! ఎస్పోసో అంటే మా ఆయన. ఎస్తా, ఉన్నారు. మన్యానా, రేపు. గొట్టం తీసేసి వేరే హాలుకి మార్చారు, రేపు రమ్మంటోంది. ఫాయెసియో అంటే వార్డు మార్చడమే అయి ఉంటుంది. అనవసరంగా తిప్పినందుకు పాపం, ఏమీ అనుకోవద్దని కూడా అంది. నేను నవ్వి "గ్రాసియాస్, అస్తా మన్యానా" అన్నాను. ఆవిడ నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి ఎవరినో పిలవడానికి లోపలికెళ్ళింది. పని ఉన్నవాళ్ళని ఎందుకు ఇబ్బంది పెట్టడమని నేను వచ్చేశాను. వడ్రంగి తాత అటు తిరిగి పడుకున్నాడు, లేకపోతే అతనికీ చెప్పేదాన్ని.

గొట్టం తీశారంటే గండం గడిచినట్టే కదా? చొక్కా విప్పి పక్కకుట్లు లోపలికి వేశాను. భుజాలు కూడా తగ్గించాను. ఇంటావిడ ఇస్త్రీపెట్టె ఇచ్చింది. రేపు తొడుగుతాను.

ఇప్పుడు అత్తయ్యకి చదివి వినిపించు, ఈ రెండో కాగితం మాత్రమే.

వదిన


జూలై 3

వదినా,

నీ ఉత్తరం ఇవాళ అందింది. ఇది నీ చేతికి వచ్చేసరికి నీకన్నీ తెలిసి ఎన్నో రోజులై ఉంటుంది. అయినా రాయకుండా ఉండలేను.

ఎస్తా మన్యానా అంటే రేపు ఉన్నాడని కాదు. "ఈ ఉదయం" అని. పలకడంలో చిన్న తేడా తప్ప "ఉన్నాడు", "ఈ" రెండూ ఒక్కలాగే వినపడతాయి. మన్యానా అంటే రేపూ, ఉదయమూ కూడా. ఆ రెండో అర్థం నీకు చెప్పలేదు. క్లాసులో కూడా చెప్పను, ప్రయాణాలకి వెళ్ళేవాళ్ళకి గందరగోళంగా ఉంటుందని. లో సియెంతో అంటే కాలు తొక్కినప్పుడూ అంటారు, ఇంట్లో మనిషి పోయినప్పుడూ అంటారు. వార్డు మార్చడమని నువ్వనుకున్న ఆ ఇంకో మాట నేనెవరికీ నేర్పలేదు. ఊళ్ళు చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఎవరడుగుతారు ఆ మాట? అన్నయ్య ఆ ఉదయమే పోయాడని నర్సు నీకు చెప్పింది వదినా. నువ్వు దానికి గ్రాసియాస్ అన్నావు. నేను నేర్పిన మాటే అన్నావు.

అమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉత్తరం విప్పాను. రెండో కాగితమే వినిపించమన్నావు కదా, మొదటిది ఒళ్ళో దాచుకుని అదే మొదలుపెట్టాను. నర్సు మాట దగ్గర ఆగిపోయాను.

"ఆగావేం? ఏమందట?" అంది అమ్మ.

"రేపు చూస్తుందటమ్మా అన్నయ్యని."

అమ్మ కప్పు వైపు చూసింది. "ఉత్తరం రావడానికి వారం పైన పడుతుంది కదే," అంది. "ఆ రేపు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఏమైంది మరి?"

మంచం పట్టె మీద తల ఆనించాను. అమ్మ చెయ్యి నా తల మీద పడింది, ఇంక కదల్లేదు. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. "దానికెవరున్నారే అక్కడ?" అంది. నీ గురించే.

నేను నిన్ను క్షమించమని అడగను. అడగడానికి నాకు ఏ భాషలోనూ మొహం లేదు.

బుల్లి


జూన్ 30

బుల్లీ,

చొక్కా గురించి రాసి పోస్టులో వేశాక మళ్ళీ ఇదే రాయడం. తంతి ఇవ్వమని ఆస్పత్రివాళ్ళు కాగితం చేతిలో పెట్టారు. నాలుగు మాటల్లో అత్తయ్యకి ఈ సంగతి చెప్పడం నాకు చేతకాలేదు. నెమ్మదిగా నడిచి వచ్చే ఉత్తరమే నయమనిపించింది. మీ అన్నయ్య పోయారు. నేను కిందటి ఉత్తరం రాసేటప్పటికే పోయారు.

మర్నాడు ఇస్త్రీ చేసిన చొక్కా కాగితంలో చుట్టుకుని వెళ్ళాను. ముందురోజు మాట్లాడిన నర్సు నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకోసం వెతికారట, నా గది ఎక్కడో వాళ్ళకి తెలియదు కదా. చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతోంది. వార్డులన్నీ పైన కదా, కిందకెందుకు తీసుకెళ్తోంది అనుకున్నాను. అప్పుడు కూడా అంతే అనుకున్నాను. చల్లగా ఉన్న గదిలోకి తీసుకెళ్ళి తెల్లగుడ్డ తొలగించింది. ఆ తర్వాత ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

చొక్కా నేనే తొడిగాను. నర్సు ఒక చెయ్యి పట్టుకుంది. భుజాల దగ్గర సరిగ్గా కూర్చుంది. చివరి బొత్తాం పెడుతుంటే ఇంకొంచెం కుదించాల్సింది అనిపించింది. అలాంటప్పుడు కూడా దర్జీ బుద్ధి పోదు.

ఇక్కడే మట్టిలో పెట్టాం. ఊరి చివర ఎత్తు మీద. సముద్రం కనపడని వైపు చోటు దొరికింది. ఇంటావిడ, రొట్టెల కొట్టతను, కంపెనీ తరఫున గొడుగు పట్టుకున్న ఒక మనిషి. అంతే. మీ అన్నయ్య ఎవరో వాళ్ళల్లో ఒక్కరికీ తెలియదు.

నీ మీద కోపం లేదని రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోతున్నాను. ఉంది. ఎందుకో చెబుతాను. ఆ సాయంత్రం చొక్కా ఒళ్ళో వేసుకుని కూనిరాగం తీశాను బుల్లీ. పెళ్ళయిన కొత్తలో మిషను తొక్కుతూ తీసేదాన్నే, అలా. ఇంటావిడ గుమ్మంలో నిలబడి విని నవ్వింది కూడా. ఆయన అక్కడ ఒక్కరూ చల్లటి గదిలో ఉంటే నేనిక్కడ రాగం తీశాను. అది తలపుకొస్తే నా నోరు నేనే నొక్కుకోవాలనిపిస్తోంది. నీ తప్పు కాదని తెలుసు. తెలిస్తే మాత్రం పోయేది కాదు, కొన్నాళ్ళుంటుంది. ఉండనీ.

ఆయన చెప్పులు, గడ్డం సామాను తెచ్చుకోవడానికి నిన్న వార్డుకి వెళ్ళాను. వడ్రంగి తాత నా చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టాడు. ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. కళ్ళమ్మట నీళ్ళు. ఆగమని, సంచిలోంచి పెన్సిలు తీసి, ఒక్కొక్క మాటే మళ్ళీ చెప్పించుకుని రాసుకున్నాను. విసుక్కోకుండా చెప్పాడు. కింద రాస్తున్నాను. సీ అంటే అవునని ఒక్కటే నాకు తెలిసింది. మిగతాది నువ్వు చెప్పాలి. నాకోసం ఒక్క మాట కూడా మెత్తబరచకు. ఉన్నదున్నట్టు రాయి. ఈసారి అన్ని అర్థాలూ రాయి.

"అమానెసీయా. అబ్లాబా, అబ్లాబా. మె అగర్రో లా మానో. మె ప్రెగుంతాబా ఆల్గో. యో నో ఎంతెందియా నాదా. లె దెసియా కె సీ, కె సీ. ఇ సె కెదో త్రాంకీలో."

వదిన


జూలై 11

వదినా,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడినట్టున్నాయి. నీ కోపం ఉన్నన్నాళ్ళూ ఉండనీ, నేనేమీ అనను. ఆ తాత మాటలు నిఘంటువు ముందు పెట్టుకుని, తెలిసినవాటిని కూడా మళ్ళీ చూసుకుని రాస్తున్నాను. నా సొంతది ఒక్క అక్షరం కలపలేదు.

"తెల్లవారుతోంది. మాట్లాడుతూనే ఉన్నాడు, మాట్లాడుతూనే ఉన్నాడు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నన్నేదో అడుగుతున్నాడు. నాకేమీ అర్థం కాలేదు. అవును, అవును అని చెబుతూ వచ్చాను. అప్పుడు నెమ్మదించాడు."

ఇంతే వదినా. వీటికి ఇంకో అర్థం లేదు. అన్నయ్య ఏం అడిగాడో ఇంక ఎవరం చెప్పలేం. మన భాషలోనే అడిగి ఉంటాడు.

ఇది అమ్మకి దాచకుండా చదివాను. విని తనలో తాను లెక్క కట్టడం మొదలుపెట్టింది. "నీళ్ళు అడిగాడేమో," అంది. మళ్ళీ, "నా కోడలు వచ్చిందా అని అడిగి ఉంటాడు," అంది. దేనికైనా "అవునమ్మా" అంటూ కూర్చున్నాను. ఇంకేమనను?

ఇవాళ పొద్దున జుట్టు దువ్వుతుంటే నా చెయ్యి ఆపింది. "మా అమ్మ లేచి నడుస్తోందా అని అడిగి ఉంటాడే. వాడికి నా బెంగే ఎక్కువ. ఆ ముసలాయన ఏమన్నాడన్నావు?"

"అవునన్నాడమ్మా."

"ఆఁ. అవునన్నాడు." దువ్వెన నా చేతిలోంచి తీసి పక్కన పెట్టింది. "అయితే నన్ను లేపు."

డాక్టరు ఇంకా వద్దన్నాడని చెప్పాను. తుంటి నొప్పి పుడుతుందన్నాను. వినలేదు. "పోయేవాడితో అవునని చెప్పాక నేను పడుకుని ఉంటే ఎలాగే?" అంది.

రెండు చంకల కిందా చేతులు వేసి లేపాను. పళ్ళు బిగించి, నా భుజం పట్టుకుని, కాళ్ళు నేలకి ఆనించి నిలబడింది. ఒళ్ళంతా వణుకుతోంది. ఒక అడుగు వేసింది. ఇంకోటి వెయ్యబోయి ఆగిపోయింది. కూర్చోబెడతానన్నా కూర్చోదు. కిటికీ ఊచ పట్టుకుని వీధిలోకి చూస్తూ అలాగే నిలబడింది.

బుల్లి